అన్న చేసిన సర్వీసింగ్

ఆ ఏడు చెరుకు సీజన్‌లో నేను పడ్డ అలసట ఇప్పటికీ ఒంట్లోంచి పోలేదు. కిడ్నీలు చెడిపోయిన మా అన్నను డయాలసిస్ కోసం బోధన్ నుంచి నిజామాబాద్ తీసుకెళ్లి తేవడం నా పని. బస్సులో కూర్చోలేడని పాత పెట్రోలు కారొకటి కొన్నాను. కార్బ్యురేటర్ కార్లు పోయి ఇంజెక్షన్ కార్లు వచ్చిన కొత్తల్లోది. నడిచినన్నాళ్లు బాగానే నడిచి, సరిగ్గా ఆ సీజన్‌లో మొండికేసింది. ఎడపల్లి దాటేసరికి కుదుపులు మొదలయ్యేవి. చెరుకు బండ్ల వెనక మెల్లగా పోతుంటే ఠక్కున ఆగిపోయేది. ఆలస్యమైతే ఆస్పత్రిలో మా మంచం ఇంకొకరికి ఇచ్చేవారు. ఒకసారి అలాగే ఇచ్చేశారు. పడుకుంటే ఊపిరాడక, వాచిన కాళ్లతో అన్న మర్నాటిదాకా గోడకానుకుని కూర్చునే ఉన్నాడు. ఆ కారును తీసుకెళ్లి కాలవలో తోసేయాలనిపించింది నాకు.

నిజామాబాద్‌లో మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ఇంజన్‌లోకి ఎంత గాలి పోతుందో కొలిచే సెన్సర్ పాడైందన్నాడు. అది లెక్క తప్పితే పెట్రోలు కూడా తప్పుగా పడుతుందట. పాత రకం దొరకడం లేదని తర్వాతి మోడల్‌ది తెప్పించి, వైర్లు మార్చి బిగించాడు.

"పాతదాని కన్న గిదే మంచిగుంటది సార్, ఫికర్ జేయకుండ్రి" అన్నాడు.

నిజంగానే కారు హాయిగా కదిలింది. నెల తిరక్కుండానే మళ్లీ పాత కథే. ఆ రోజు అన్నను ఆస్పత్రిలో దింపి నేరుగా షెడ్డుకు పోయి మెకానిక్ మీద విరుచుకుపడ్డాను. అతను కొత్త సెన్సర్ ఊడదీసి, వేలితో తుడిచి చూపించాడు. జిడ్డు. ఎయిర్ ఫిల్టర్ తీస్తే అది నూనె ఓడుతోంది.

"ఇందుల నూనె ఎవరు పోసిండ్రు సార్? ఇది కాయిదం ఫిల్టర్. నూనంత లోపటికి గుంజుకొని సెన్సర్‌ల గాలి కొలిచే సన్న తీగకు పట్టింది. ఎన్ని కొత్తయి పెట్టినా గింతే."

ఎవరు పోశారో నాకు వెంటనే తెలిసిపోయింది. అప్పట్లో మా వైపు ట్రాక్టర్లకు గాలి ఫిల్టర్ కింద నూనె గిన్నె ఉండేది. దుమ్మంతా ఆ నూనెకు అంటుకుని అక్కడే ఆగిపోయేది. చెరుకు తోలకం మొదలయ్యాక ఆ దుమ్ము దారుల్లో గిన్నె చూసుకోకుండా ఎవరూ బండి తీసేవారు కాదు. జబ్బు చేసి పొలం కౌలుకిచ్చి, ట్రాక్టర్ అమ్మేశాక అన్న చేతులకు మిగిలింది నా కారే. ఆదివారం పొద్దున్నే పీట వేసుకుని దాని ముందు కూర్చునేవాడు. తుడుస్తున్నాడులే, కాస్త పొద్దుపోతుంది అనుకునేవాణ్ణి.

మెకానిక్ సెన్సర్‌ను శుభ్రం చేసి, కొత్త ఫిల్టర్ వేసి పంపాడు. అన్నను ఎక్కించుకుని తిరిగొస్తూ, చెప్పాలా వద్దా అని దారంతా నలిగిపోయాను. చెప్పకపోతే వచ్చే ఆదివారం మళ్లీ పోస్తాడు. కారు ఆగుతుంది, మంచం పోతుంది. ఇల్లు చేరాక అడిగాను.

"అన్నా, కారు ఫిల్టర్‌ల నూనె పోస్తున్నవా?"

"పొయ్యకుంటె ఎట్ల తమ్మీ? గీ దుమ్ముకు ఇంజన్ ఆగమైతది. నువ్వు సూస్కోవని నేనే పోస్తున్న."

ఆ గొంతులో గర్వం ఉంది. అలాంటి గొంతు విని చాలా రోజులైంది. నాకు చేతనైనంత మెత్తగా విషయం చెప్పాను. ఇది ట్రాక్టర్ లాంటిది కాదనీ, తెలియక ఎవరైనా చేసే పనేననీ ఏదేదో అన్నాను. అన్న అంతా విన్నాడు.

"అంటె, తోవల నన్ను ఆపింది నేనేనా?" అన్నాడు.



ఆదివారం పొద్దున అలవాటు కొద్దీ బయటికి వచ్చి కారు దగ్గర నిలబడ్డాడు. నేను గుడ్డ తెచ్చి ఇచ్చాను.

"అద్దాలు తుడువన్నా, జర మంచిగ కనిపిస్తది."

"వద్దు తమ్మీ. నేను ముట్ట" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కారు దారిలో ఒక్కసారీ ఆగలేదు. మంచం కూడా మళ్లీ పోలేదు. వెనక సీట్లో అన్న, ఎవరో తెలియనివాళ్ల బండెక్కినట్టు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.