ముగ్గురికి సరిపోయే పాయింట్లు

మొన్న పొద్దున వరండాలో కూర్చుని పుంటికూర తెంపుకుంటుంటే ఫోను మోగింది. ఏదో బ్యాంకు నుంచి ఒక అమ్మాయి, గొంతు వింటే నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరినట్టుంది, పింఛనుదారులకోసం మంచి క్రెడిట్ కార్డు వచ్చిందనీ, నేను ఊఁ అంటే చాలు ఇంటికే పంపిస్తామనీ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయి, చివరికి మీకు ప్రయాణాల పాయింట్లు ఇచ్చే కార్డు కావాలా, ఖర్చులో కొంత వెనక్కి వచ్చే క్యాష్‌బ్యాక్ కార్డు కావాలా మేడమ్ అని అడిగింది. బతుకంతా బడిలో పిల్లల చేత జవాబులు చెప్పించినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకుండానే ఫోను పెట్టేశాను. పాపం, ఆ పిల్ల నన్నెంత పొగరుబోతు ముసలిదనుకుందో ఏమో. సరిగ్గా అదే ప్రశ్న మీద ఒకప్పుడు మా ఇంట్లో నెల రోజులు పంచాయితీ నడిచిందని ఆమెకెలా తెలుస్తుంది?

అప్పుడు మేము కరీంనగర్‌లోనే, ఇదే ఇంట్లో ఉన్నాం. నేను సర్కారు బడిలో పంతులమ్మను, మావారు నీటిపారుదల ఆఫీసులో ఉండేవారు. పిల్లలు లేరు. క్రెడిట్ కార్డులు అప్పుడప్పుడే మన ఊళ్ళకు వస్తున్న రోజులు. మెడకు టై కట్టుకున్న కుర్రవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి, బల్లకో కాగితం పంచిపోయేవారు. మన ఈడువాళ్ళకు చెప్పనక్కర లేదు, అప్పు అన్న మాట వింటేనే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవారు కదా, అలాంటిది అప్పు చేయండి, చేసినందుకు బహుమానం కూడా ఇస్తాం అని ఒకడు ఇంటికొచ్చి చెబితే నమ్మడానికి మాకు చాలా రోజులే పట్టింది. నమ్మాక మాత్రం మావారిని ఆపడం నా తరం కాలేదు.

నా ఓటు క్యాష్‌బ్యాక్‌కే. ఉప్పు, పప్పు, నూనె ఎలాగూ కొంటాం, ఎంతో కొంత చేతికి తిరిగొస్తే అదే పదివేలు అన్నది నా లెక్క. ఆయన ససేమిరా అన్నారు. పాయింట్లు పోగైతే విమానం టిక్కెట్టు వస్తుందట, ఆ కాగితం మీద మబ్బుల్లో పోయే విమానం బొమ్మ వేశారు, ఆయన కళ్ళు ఆ బొమ్మ దాటి రాలేదు. విమానం ఆయన కోసం కాదు, నా కోసమూ కాదు. వాళ్ళక్క కోసం.

ఆ వదినను గురించి చెప్పకపోతే ఈ కథే లేదు. ఖానాపూర్‌లో ఉండేది. పెళ్ళయిన రెండో ఏడే పసుపు కుంకుమలు పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసరికి తల్లి లేదు, చిన్న తమ్ముడున్నాడు. ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి ఆ తమ్ముణ్ణి చదివించింది. మా అత్తగారి మొహం నేను చూడలేదు గాని ఆ లోటు నాకెన్నడూ తెలియలేదు, అత్తరికమూ ఆమే చేసింది, తల్లి ప్రేమా ఆమే చూపించింది, రెండూ దండిగానే. మా దిక్కున గోదావరిని గంగ అనే అంటాం. వదినకు ఆ గంగ ఇంటి మనిషి లాంటిది. ఏకాదశికి తానం, వానాకాలంలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసి రావడం, ఇదే ఆమెకు లోకం. ఎప్పుడో చిన్ననాడు బాసర జాతరలో ఒక మరాఠీ ముసలమ్మ, ఈ గంగ నాసిక్ అవతల కొండరాయి కింద బొట్టు బొట్టుగా పుడుతుందని చెప్పిందట. ఇవతలి ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు మనిషి కంటికి ఆనని గంగ బొట్టు బొట్టుగా పుట్టడమేమిటి, ఆ ముసల్ది కోతలు కోసిందని వదిన వాదన. ఒక్కసారి పోయి కండ్లార చూసి, అబద్ధమని తేల్చుకోవాలని ఆమె కోరిక. జీవితంలో ఆమె తనకంటూ కోరిన కోరిక నాకు తెలిసి అదొక్కటే.

కార్డు వచ్చింది. ఇక చూడండి, మా బంధువర్గంలో ఎవరు ఏది కొన్నా మావారు పక్కన ఉండవలసిందే. పెళ్ళిబట్టలకు ఊరంత బలగం జీపుల్లో దిగితే, ఆడవాళ్ళు చీరలు చూస్తుంటే ఆయన గల్లాపెట్టె దగ్గర కార్డు పట్టుకుని నిలబడేవారు. వాళ్ళు నోట్లు ఆయన చేతిలో పెట్టాలి, ఆయన కార్డు గీకాలి, పాయింట్లు పడాలి. ఒకరి ఫ్రిజ్జు, ఒకరి కుట్టుమిషను, పాలివాళ్ళ పొలానికి ఎరువు బస్తాలు, ఆఖరికి వేములవాడకు కోడెమొక్కు తీర్చుకోవడానికి పోయిన చుట్టాల లాడ్జి కిరాయి కూడా. కార్డయితే నూటికి రెండు ఎక్కువవుతుందని దుకాణదారు అంటే, ఆ రెండూ తన జేబులోంచి గుట్టుగా ఇచ్చేవారు. ఉత్తగా వచ్చే విమానానికి ఇంత ఖర్చా అని నేను ఎత్తిపొడిస్తే నవ్వేవారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, టిక్కెట్టు రాకముందే అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాలా, నడిమి సీట్లో కూర్చోబెడితే కళ్ళు తిరగవా అని ఆఫీసులో విమానం ఎక్కినవాళ్ళనల్లా అడిగి వచ్చేవారు.

దేవుడి దయవల్ల ఒకనాటికి ఇద్దరికి సరిపడా పాయింట్లు పోగయ్యాయి. హైదరాబాదు నుంచి ముంబయి దాకా విమానం, అక్కడినుంచి నాసిక్‌కు బండి. అక్కాతమ్ముడు పోయి రండి, నేను ఇల్లు చూసుకుంటాను అని ఎంత చెప్పానో. వదిన కూడా రెండు పాత చీరలు ఉతికి మడత పెట్టుకుందని తర్వాత తెలిసింది. ఆయన ఒప్పుకోలేదు. నిన్ను వదిలి పోతే నాకు ముద్ద దిగదు, ఇంకొన్నాళ్ళు ఆగితే ముగ్గురికీ వస్తాయి, ముగ్గురం పోదాం అన్నారు. మూడో టిక్కెట్టు కొనొచ్చు కదా అంటే, ఇన్నాళ్ళు పోగుచేసి చివరికి కొనడమా అని పట్టుదల. ఆ మొండితనంలో నా మీద ప్రేమే ఉంది.

ముగ్గురికి దగ్గరపడుతుండగా బ్యాంకువాళ్ళు టిక్కెట్టుకు కావలసిన పాయింట్లు పెంచారు. మళ్ళీ ఆగాం. ఈలోగా ఏళ్ళ తరబడి బాసింపట్టు వేసి బీడీలు చుట్టిన మోకాళ్ళు వదినకు ఎదురు తిరిగాయి. గోడ పట్టుకుని లేవడం, మంచం పట్టుకుని కూర్చోవడం. అయినా తొందరపెట్టిందా అంటే లేదు. ఒక్కసారి మాత్రం, సద్ది కట్టుకుని రైలెక్కితే నాసిక్ పోవచ్చట కదా, ఆ బండి మన బాసరలోనే ఆగుతుందట కదా అని, ఎవరో చెప్పిన మాటలా తమ్ముడి ముందు పెట్టింది. ఆయనకు దెబ్బ తగిలినట్టయింది.

"నిన్ను రైల్ల గుద్దులాటల తీస్కపోతనా అక్కా. జర ఓపిక పట్టు, విమానంలనే తీస్కపోత" అన్నారు.

ఆమె ఇంకెన్నడూ ఆ మాట ఎత్తలేదు. తమ్ముడు తనను దర్జాగా తీసుకుపోతాడని వాడకట్టులో చెప్పుకునేది, ఆ చెప్పుకోవడంలోనే ఆమెకు సగం యాత్ర అయిపోయిందేమో అని నన్ను నేను సమాధానపరచుకుంటాను. కాని మనసు ఒప్పుకోదు.

చలికాలంలో ఒక పొద్దున పాల ప్యాకెట్టుకని పోయిన మావారు, వచ్చి వరండా అరుగు మీద కూర్చుని, నీళ్ళిమ్మన్నారు. నేను చెంబుతో వచ్చేసరికి తల గోడకు వాలిపోయింది. అంతే. ఇంతకన్నా రాయలేను, క్షమించండి. అస్థికలు బాసరలో గంగలో కలిపారు. వదిన ఒడ్డున కూలబడి, తల్లి పిల్లవాణ్ణి బడికి పంపినట్టు, పైలం బిడ్డా, పైలం బిడ్డా అని అంటూనే ఉంది.

తర్వాత బ్యాంకు పనులు. కార్డు మూసేయడానికి పోతే అక్కడి అబ్బాయి మర్యాదగానే కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, పాయింట్లు చాలానే ఉన్నాయమ్మా అన్నాడు. ముగ్గురికి సరిపోతాయా నాయనా అని అడిగాను, ఎందుకడిగానో నాకే తెలియదు. సరిపోయేవే, కాని అవి సారు పేరు మీదివి, వేరేవాళ్ళకు మార్చడం కుదరదు, సారుతోనే పోతాయి అని తల వంచుకుని చెప్పాడు. కుర్రవాడి తప్పేముంది? బయటికి వచ్చి, ఎండలో బస్టాండు దాకా ఏడ్చుకుంటూ నడిచాను. మనిషి పోయినప్పుడు రాని ఏడుపు, పాయింట్లు పోయాయంటే వచ్చిందేమని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఏడు తిరిగింది. ఒకనాడు వదిన చెప్పాపెట్టకుండా చేతికర్ర పట్టుకుని కరీంనగర్ వచ్చి, నా ఎదురుగా కూర్చుని, పోదాం పా పిల్లా అంది. ఎక్కడికని నేను అడగలేదు. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టుకుని, బాసర పోయి రైలెక్కాం. ఇంత చిన్న పనా ఇన్నేళ్ళు ఆగింది అని, బండి కదలగానే నా గుండె చెరువైంది. వదిన మాత్రం కిటికీ పక్కన కూర్చుని, నాందేడు దాటేలోపే ఎదుటి సీటు మరాఠీ ఆడవాళ్ళతో, జాతరల్లో అబ్బిన వాళ్ళ భాషలో చుట్టరికం కలిపేసి, వాళ్ళ పేలాలు తింటూ, మన రొట్టెలు పెడుతూ, పొలాలు చూసి మన పత్తే నయమని తీర్పులు చెబుతూ, చిన్నపిల్లయిపోయింది. అంత సంతోషంగా నేను ఆమెనెన్నడూ చూడలేదు. ఆ సంతోషం చూడాలని పాటుపడిన మనిషి లేకపోయెనే అని మొహం అటు తిప్పుకున్నాను.

నాసిక్‌లో దిగి త్ర్యంబకం చేరాక తెలిసింది, గంగ పుట్టే చోటు కొండ మీద ఉంది, చేరాలంటే మెట్లెక్కాలి. వదిన చేతికర్ర ఆనించుకుని ఆ మెట్ల వరసను కింది నుంచి పైదాకా చూసింది. రెండు మెట్లు ఎక్కి, మూడో మెట్టు మీద కూర్చుండిపోయింది. డోలీవాళ్ళు వస్తామన్నారు, మనుషుల భుజాల మీద గంగమ్మను చూడబోతనా, వద్దంది. నువ్వు పోయి చూసి రా పిల్లా, ఉన్నదున్నట్టు చెప్పు అని నన్ను పంపింది. ఎక్కాను. పైన ఒక రాతి గోడ, చీకటి గూడు, అందులో నిజంగానే బొట్టు, కాస్త ఆగి ఇంకో బొట్టు. చేయి చాపితే అరచేయి నిండటానికే ఎంతో సేపు పట్టింది. దిగివచ్చి, ఆ ముసలమ్మ చెప్పింది నిజమే వదినా, బొట్టు బొట్టుగానే అన్నాను.

వదిన కర్ర ఊతంగా లేచింది. ఊళ్ళో సన్నని కాలువలా పారుతున్న గంగ దగ్గరికి నా భుజం పట్టుకుని వచ్చి, కష్టం మీద వంగి, నీళ్ళలో చేయి పెట్టింది.

"గీ నీళ్ళు బాసర దాంక పోతయి గద పిల్లా?"

పోతాయి వదినా అన్నాను.

అప్పుడామె నన్ను మరిచిపోయి, నీళ్ళకే చెప్పింది.

"విమానం ఎవలడిగిండ్రురా తమ్మీ. నా కాళ్ళల్ల సత్తువున్ననాడు రైల్ల తోల్కొస్తే సాలకపోవునా."

కోపం లేదు ఆ గొంతులో. తప్పిపోయిన పిల్లవాడు ఇంటికొస్తే, అన్నం పెడుతూ కోప్పడే తల్లి గొంతు అది.

వదిన కూడా పోయిన వానాకాలం వెళ్ళిపోయింది. మన పెద్దవాళ్ళ కోరికలు డబ్బు లేక ఆగిపోయేవి, లేదా వాళ్ళే మనసుకు తోచిన రోజున మూటా ముల్లె కట్టుకుని, దొరికిన బండి ఎక్కి, సత్రంలో పడుకుని తీర్చుకునేవారు. మా ఇంట్లో ఇద్దరి జీతాలుండేవి, బండి రోజూ బాసరలో ఆగేది, అయినా ఇంకా బాగా తీసుకుపోదామనే ఆశతో కూర్చున్నాం. ఇప్పుడు ఏ కార్డు మంచిదో చెప్పడానికి పొద్దున లేస్తే ఎందరో ఫోన్లు చేస్తారు, పింఛను వస్తుంది, నా మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. కాని ఈ ఇంట్లో నన్ను వదిలి పోతే ముద్ద దిగదనే మనిషీ లేడు, పోదాం పా పిల్లా అనే మనిషీ లేదు.