కాకి కోసం ఆగని మాత్ర: కోరమండల్‌లో ఒక భోజనం

ఈ ప్రయాణం పొట్టేలు కూర కోసం. మా చెల్లెలు సరోజ ఏటా తన భర్త తిథికి బంగారు గనుల ఊరు కోరమండల్‌లో, గని కార్మికుల పాత లైన్ ఇంట్లో వండుతుంది. నిరుడు వెళ్లి కూర ముట్టకుండా మజ్జిగన్నం తిని వచ్చాను. అప్పటినుంచి ఫోనులో ఆమె గొంతు కాస్త పొడిగానే ఉంది. తప్పు నాది కాదు, నా క్లోమానిది. కొవ్వును అరిగించే రసాన్ని అది చాలినంత పంపడం మానేసింది. నెయ్యో మాంసమో తిన్నానంటే కడుపుబ్బరం, జిడ్డుగా తేలే విరేచనాలు, పరుగులు. తిన్నది ఒంటబట్టక జాకెట్లు వదులయ్యాయి. ఆపైన భయం. భయపడుతూ కూర్చున్నవాళ్లకు ఆకలెక్కడిది? ఈమధ్యే డాక్టరమ్మ భోజనంతోపాటు వేసుకోమని ఎంజైమ్ మాత్రలిచ్చి, "కొవ్వు మానకండి, మాత్ర మానకండి" అంది. ఇంక ఈసారి సరోజ వండింది తినాలి, అరిగించుకోవాలి.

మాలూరులో ఉదయం ఎనిమిది దాటాక మారికుప్పం ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు పెద్ద ఖర్చేమీ కాదు. బంగారపేటలో సగం బండి దిగిపోతుంది, కిటికీ సీటు కావాలంటే అప్పటిదాకా ఓపిక పట్టండి. కోరమండల్ స్టేషన్ బయట ఆటో అబ్బాయి, "యాడికమ్మా? ఎనభై ఇయ్యండి, బ్యాగు బరువుండాది" అన్నాడు.

"బ్యాగులో మాత్రలూ చీరా నాయనా. నన్ను చూడు, నేనింకా తేలిక."

"ఇంగ మీతో వాదించేకి నా చేత కాదమ్మా, యాభై ఇయ్యండి."

మధ్యాహ్నం ఆకులు వేశారు. సంగటి పక్కన కూర, పైన నూనె మెరుస్తోంది. చాలా రోజులకు నోరూరింది. చదువుకున్నదాన్ని కదా, ఠక్కున మాత్ర మింగి కూర్చున్నాను. ఒక్కటి మరిచాను. మొదటి ఆకు పోయిన మా మరిదిది. దాన్ని గోడ మీద పెట్టి, కాకి ముట్టేదాకా మేమెవరమూ ముట్టకూడదు.

కాకి రాలేదు. అరగంట గడిచింది.

"సరోజా, నా మాత్ర అన్నంతో కలిసి లోపలికి పోవాలి. ఒంటరిగా పోయి దండగవుతోంది."

"నేనేం చేసేదక్కా? ఆయన బతికున్నప్పుడు మాత్రం టైముకి వచ్చినాడా? షిఫ్టు అయినాక లైనంతా పలకరించినాకే ఇంటికి."

"అయితే ఈ కాకి ఇంకా మూడో ఇంటి దగ్గరే ఉన్నట్లుంది."

సరోజ నవ్వింది. అంతలోనే, "పోనీ, నువ్వు మజ్జిగన్నం తినెయ్" అంది, నా మొహం చూడకుండా.

"ఆ మాటెత్తకు. డబ్బాలో ఇంకోటుంది. ఇట్లా ఆలస్యమైతే ఏం చేయాలో డాక్టరమ్మను ముందే అడిగి పెట్టుకున్నాను."

చివరికి కాకి దిగింది, ఒక ముక్క ఎత్తుకుంది. నేను మొదటి ముద్దతో రెండో మాత్ర మింగాను. ఆ తరువాత సంగటి కూరలో ముంచి ముద్ద వెనక ముద్ద లాగించాను. ఆకు ఖాళీ అయ్యాక, "ఇంకో రెండు ముక్కలు వెయ్యి" అన్నాను.

సరోజ గరిటె ఆగింది. "మారు అడిగితివా అక్కా?"

"కాకికి పెట్టి నాకు పెట్టవా?"

నాలుగు ముక్కలు వేసి, "జాకెట్లు మళ్లా కుట్టించుకోవద్దు, పాతవే సరిపోతాయి" అని కసిరింది. ఏడాది తరువాత విన్న అసలు గొంతు అది.

సాయంత్రం బండిలో మాలూరు చేరేదాకా కడుపు నిశ్శబ్దంగా ఉంది. మర్నాడు కూడా. ఆకలి నన్ను వదిలి పోయిందనుకున్నాను. పోలేదు, భయం వెనక దాక్కుంది. ఇదే జబ్బుతో ఊళ్లు తిరిగేవాళ్లకు ఒక్క మాట: ఎన్ని మాత్రలో మీ డాక్టరు చెప్తారు, కానీ ఒకటి రెండు ఎక్కువే దగ్గర పెట్టుకోండి, ఆకు వేయగానే కాదు, మొదటి ముద్దతో మింగండి. కాకి ఎప్పుడొస్తుందో ఏ డాక్టరూ చెప్పలేరు.