మాబున్ని వినాలనుకున్న మాట

ప్రొద్దుటూరులో పరుపులు కుట్టే మాబున్ని అంటే ఆ రోజుల్లో తెలియనివాళ్ళు తక్కువ. మొగుడు హుస్సేనప్ప విల్లు పట్టి దూది ఏకితే, ఆమె దాన్ని గలీబుల్లో కూరి, దబ్బనంతో కుట్లు వేసేది. పెండ్లిండ్ల కాలంలో ఇద్దరికీ కూడు తినే తీరిక గూడా ఉండేది గాదు. పెండ్లయిన శానా ఏండ్లకు, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, వాళ్ళకు ఆడబిడ్డ పుట్టింది. మౌలాబీ అని పేరు పెట్టుకున్నారు.

బిడ్డ బొద్దుగా, ముచ్చటగా ఉండేది. అయితే పాలు తాగుతూ తల్లి మొహంలోకి చూసేది గాదు. గాల్లో తేలే దూది పింజల్నే చూస్తా ఉండేది. నడక వచ్చింది గానీ మాట రాలేదు. పిలిస్తే తిరిగేది గాదు. చెవుడేమో అనుకున్నారు. అంతలో వీధిలో ఎవరో సోడా కొట్టిన చప్పుడుకు రెండు చెవులూ మూసుకుని గోడకు ఒదిగి ఏడ్చింది. చెవుడు గాదని ఆ పొద్దు తెలిసింది. మరి ఏందో మాత్రం ఎవరికీ తెలియలేదు.

దర్గాలో తాయెత్తు కట్టించినారు. నాలుక మీద తేనె రాసినారు. పక్కింటి ఖమర్‌బీ, "వాళ్ళ నాయిన విల్లు చప్పుడుకు బిడ్డ బెదిరింది" అనింది. కానీ ఆ విల్లు మోగుతున్నంతసేపూ మౌలాబీ దాని ముందరే కూచుని, సన్నగా ఊగుతా, సంతోషంగా ఉండేది. తల దువ్వేటప్పుడు, నీళ్ళు పోసేటప్పుడు మాబున్ని బిడ్డ మొహం పట్టుకుని, "అమ్మా అను తల్లీ. ఒక్క తూరి అను" అని బతిమాలేది. బిడ్డ ఆమె చేతుల్లోంచి జారి, ఎండలో ఎగిరే పింజల దగ్గరికి పోయేది.

మౌలాబీకి ఐదేండ్లు దాటినాక తల్లి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ ప్రేమకుమారి అనే చిన్న వయసు డాక్టరమ్మ బిడ్డను బల్ల మీద పడుకోబెట్టలేదు. తానే నేల మీద కూచుని శానాసేపు ఊరికే చూసింది.

"ఇది పిచ్చి గాదమ్మా, దయ్యమూ గాదు. నీ పెంపకంలో లోపమూ లేదు" అనింది చివరికి. "పరదేశాల డాక్టర్లు ఈ మధ్యనే ఇట్లాంటి పిల్లల గురించి రాస్తున్నారు. ఆటిజం అని పేరు పెట్టినారు. కొందరికి మాటే రాదు. కొందరికి వచ్చిన మాటలు పోతాయి. కొందరు గలగలా మాట్లాడతారు గానీ మనుషులతో ఎట్లా కలవాలో వాళ్ళకు తెలియదు. పేరొకటే, పిల్లలు మాత్రం ఒకరి మాదిరి ఒకరుండరు."

"మందుండాదా తల్లీ?"

"నాకు తెలిసి లేదు. పులివెందుల నుంచి ఒక పిల్లోడు వస్తాడు. వాడూ ఇట్లాగే ఉండేవాడు. ఇప్పుడు బాగా మాట్లాడతాడు. అయితే ఆ పిల్లోడు వేరే, నీ బిడ్డ వేరే."

చివరి మాట మాబున్ని చెవికి ఎక్కలేదు. మాట్లాడతాడు అన్నదొక్కటే ఎక్కింది. ఏదో తిండి పెట్టి ఉంటారు, ఎక్కడో మొక్కి ఉంటారు, అదేందో కనుక్కోవాల. వారం తిరక్కుండానే, డాక్టరమ్మ కాడ ఇంటి గుర్తులు కనుక్కుని, బిడ్డను చంకనేసుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కింది.

ఆ పిల్లోడి పేరు ఓబులేసు. తల్లి తిరుపాలమ్మ శెనక్కాయలు వలుస్తా వాకిట్లోనే ఉండింది. కొత్త మనిషిని చూసీ చూడంగానే ఓబులేసు ఎదురొచ్చి, యాడినుంచి వచ్చినారని గూడా అడక్కుండా, బావుల కాడ నీళ్ళు తోడే ఆయిల్ ఇంజిన్ల గురించి మొదలుపెట్టినాడు. ఏ తోటలో ఏ ఇంజిన్, దేని చప్పుడు ఎట్లుంటాది, దేనికి బెల్టు తెగింది, అన్నీ చెప్పుకుంటా పోయినాడు. మాబున్ని కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

"ఎంత అదృష్టవంతురాలివక్కా! ఏం చేసినావు? నాకూ చెప్పు."

తిరుపాలమ్మ నవ్వలేదు. "నేనేం చేయల్యా. మాటలు వాటికవే వచ్చినాయి. వాడు మాట్లాడ్తాడు గానీ నాతో మాట్లాడడమ్మా. నాకు జరమొచ్చి పడుంటే గూడా ఇంజిన్ సంగతే చెప్తాడు. తోటి పిల్లోళ్ళు యెగతాళి చేస్తాంటే, వాడు గూడా వాళ్ళతో కలిసి నవ్వుతాడు, ఎందుకో తెలీక." వలిచిన గింజలు పక్కన పోసి మళ్ళీ అనింది. "వాళ్ళ నాయిన సచ్చిపోయిన పొద్దు, పక్కనే కూచోని, ఇంజిన్‌కు నూనె ఎవురు పోస్తారని అడిగినాడు. ఊరంతా వాన్ని తిట్టింది. మా ఇంజిన్‌కు దినామ్మూ నూనె పోసేది వాళ్ళ నాయినే. వానికొచ్చిన ఏడుపు అదే. అది తెలుసుకునేదానికి నాకు శానా కాలం పట్టింది."

మాబున్నికి ఇంత దూరం వచ్చింది ఇందుకా అనిపించింది.

అంతలో వాకిలి మూలన ఊగుతా కూచున్న మౌలాబీ లేచింది. నీళ్ళ కడవ తిరుపాలమ్మ పక్కనే ఉంది. బిడ్డ కడవను చూసింది, తిరుపాలమ్మను దాటుకుని వాకిలంతా నడిచి వచ్చి, తల్లి మణికట్టు పట్టుకుని కడవ దాకా లాక్కుపోయి, ఆ చేతిని చెంబు మీద పెట్టింది.

"ఎప్పుడూ ఇంతే. నా మొగం చూడదు. నా చెయ్యిని గరిటె మాదిరి వాడుకుంటాది" అనింది మాబున్ని, నీళ్ళు తాపుతా.

"కడవ పక్కన నేనుండా గదా. నా చెయ్యి యాల పట్టుకోల్యా? నిన్ను యెతుక్కోని వచ్చింది. నా కొడుకు ఇంజిన్ సంగతి దావన పోయేవానికైనా చెప్తాడు. నీ బిడ్డ నీ కాడికే వచ్చింది."

మాబున్ని బిడ్డ వేళ్ళను చూసింది. మణికట్టు మీద అవి ఇంకా బిగిసే ఉన్నాయి. "నిజమే అక్కా," అనింది. "అయినా నాకు ఆ మాట గావాల."

"కావాలనిపిస్తాది. నాకూ వాడొక పొద్దన్నా, తిన్నావా అమ్మా అని అడిగితే బాగుండనిపిస్తాది."

ఆ తర్వాత అమ్మా అనమని బిడ్డను పోరు పెట్టడం మాబున్ని మానుకుంది. బిడ్డ చెయ్యి పట్టి లాగినప్పుడల్లా చేతిలో పని వదిలి వెంట పోయేది. దూదిలోని గింజలూ చెత్తా ఏరే పని మౌలాబీకి బాగా పట్టుబడింది. గింజ తగిలితే ఆమె వేళ్ళు ఆగేవి. అయితే రకం మారిన దూది ముందర పెడితే ఆ పూట అన్నం ముట్టేది గాదు. తల్లి అదీ తెలుసుకుంది. పులివెందులలో ఓబులేసు ఇంజిన్లు బాగుచేసే చోట పనికి కుదిరినాడు. ఇద్దరు తల్లులూ ఏడాదికొకసారి కలుసుకునేవాళ్ళు.

మౌలాబీ ఈడుకొచ్చినాక ఒక దినం చాపాడు నుంచి వనజమ్మ అనే చిన్న వయసు ఆడమనిషి పిల్లోన్ని ఎత్తుకుని వచ్చింది. ఎవరో చెప్పి పంపినారంట.

"పెద్దమ్మా, వీడు బాగానే మాట్లాడేటోడు. అమ్మా అనేటోడు, బువ్వ అనేటోడు. రెండేండ్లు దాటినాక అన్నీ పోయినాయి. మీ పాప మాదిరేనా?"

"నా బిడ్డకు అసలు మాటే రాల్యా. పులివెందుల పిల్లోనికి మాటలెక్కువ. నీ బిడ్డకు వచ్చినవి పోయినాయి. ముగ్గురూ మూడు రకాలు తల్లీ. నా బిడ్డను జూసి నీ బిడ్డ ఇంతేనని అనుకోవాక. వాడు దేన్ని జూస్తాడు, దేనికి బెదుర్తాడు, ముందర అది కనిపెట్టు. జమ్మలమడుగులో డాక్టరమ్మ కాడికి నేనూ తోడొస్తా."

వనజమ్మ కండ్లు తుడుచుకుంది. "మాట వినాలనే ఆశ ఎప్పటికన్నా పోతాదా పెద్దమ్మా?"

మాబున్ని తల తిప్పి ఇంట్లోకి చూసింది. లోపల మౌలాబీ దూది ఏరుకుంటా, తనలో తాను ఏదో సన్నగా రాగం తీస్తోంది.

"పోదు," అనింది. "వీధిలో ఏ బిడ్డ అమ్మా అని అరిచినా, నేను ఇప్పటికీ తిరిగి చూస్తా."

లేచి పోయి, దోసెడు దూది తెచ్చి పిల్లోని ముందర పోసి, వాని కండ్లు ఎటు పోతాయో చూస్తా కూచుంది.