కమలాకర్ బిడ్డకు టెస్టు రాయించిన విధం

ఫిల్మ్ నగర్‌లో కమలాకర్‌ను కో-డైరెక్టర్ అంటారు. తెర మీద ఆయన పేరు చదవాలంటే భూతద్దం కావాలి గానీ, సెట్లో ఆయన లేకపోతే కథానాయికకు నోరే లేదు. ముంబయి నుంచి దిగిన అమ్మాయికి తెలుగులో అత్తకూ అరటికాయకూ తేడా తెలియదు. అయినా ఆమె తండ్రి శవం ముందు పేజీన్నర ఏడ్వాలి. అప్పుడు కమలాకర్ కెమెరా పక్కన, సరిగ్గా ఆమె చూపు పడేచోట మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ముక్కా అందిస్తాడు. ఆమె ఆ ముక్కకు పెదవులు కదుపుతుంది. తరవాత గొంతు మరెవరో ఇస్తారు. జనం కన్నీళ్లు పెట్టుకుంటారు. ఈ పవిత్ర కార్యాన్ని ప్రాంప్టింగ్ అంటారు. జీవితంలో సగభాగం కమలాకర్ చేసింది ఇదే.

ఒకే పని అంతకాలం చేసినవాడికి అది తత్త్వమై కూర్చుంటుంది. కమలాకర్ తత్త్వం ప్రకారం ఈ లోకంలో ఎవడికీ ఏమీ రాదు. అందించేవాడు గట్టివాడై ఉండాలి, అంతే. "పెండ్లికొడుకుకు మంత్రం వస్తదా? పంతులు అందిస్తడు, వీడు అంటడు. పెండ్లి అయితలేదా?" అని అడిగేవాడు. పెళ్లి అవుతున్న మాట నిజమే కనుక ఎవరూ ఎదురు చెప్పలేకపోయేవారు.

పుట్టింది ఎర్రగడ్డలో. ఇంటి భాష ఇంటిదే. సెట్లో మాత్రం "ఏమైందండీ, అలా ఉన్నారేంటండీ" అని కోస్తా తెలుగును తేనెలా కార్చి, కట్ అనగానే పక్కకు తిరిగి "చాయ్ ఏమాయెరా?" అని గర్జించేవాడు. రెండు భాషల్లోనూ సొంతంగా చెప్పిన మాట ఒక్కటీ లేకపోవడం ఆయన ప్రత్యేకత.

ఆయనకు ఒక్కతే కూతురు, భావన. ఇంటర్మీడియెట్‌ను మార్కుల గుట్టతో గట్టెక్కింది. ఆ గుట్ట కింద ఏముందో ఆమెకు తెలుసు. ఎనిమిదో తరగతిలో భిన్నాల దగ్గర తప్పిపోయిన పిల్ల, లెక్కలను పద్యాల్లా కంఠతా పట్టి ఇంతదూరం వచ్చింది. చిత్రమేమిటంటే ఆమెకు అంకెలంటే ఇష్టం. క్రికెట్ సగటులు చూస్తూ పూట గడపగలదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతానని పట్టుబట్టి, జూబ్లీహిల్స్‌లో అద్దాల గోడల కాలేజీ ఒకదాంట్లో చేరింది.

ఆ కాలేజీ చైర్మన్ శ్రీకృష్ణ. పూర్వాశ్రమంలో సినిమాలు పంపిణీ చేసేవాడు, ఇప్పుడు విద్య పంపిణీ చేస్తున్నాడు. మార్కుల గుట్టలెక్కి వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టర్లోనే గోతుల్లో పడుతున్నారని గమనించి ఆయన ఒక ఏర్పాటు చేయించాడు. క్లాసులు మొదలుకాకముందే పిల్లలు ఇంటి దగ్గర కంప్యూటర్‌లో డయాగ్నస్టిక్ టెస్టు రాయాలి. ఎవరికి ఏది రాదో అది కనిపెడుతుంది. రానివాళ్లకు బ్రిడ్జి కోర్సు ఉంటుంది. పాఠం ఇంట్లో వీడియోలో చూడాలి, అర్థంకాని చోట క్లాసులో టీచరు పక్కన కూర్చుని చెబుతుంది. ఆలోచన చాలా మంచిది. అందుకే పెద్దమనుషులు జోక్యం చేసుకోవలసి వచ్చింది.

"డాడీ, గిది ఎంట్రెన్స్ గాదు," అంది భావన. "మనకు ఏం రాదో చూస్తరట. రానిది నేర్పుతరట."

"రానిది రాదని మనంతల మనమే చెప్పుకోవాల్నా? గసుంటి పాగల్ పని ఎవడన్న జేస్తడా?"

"నిజంగనే రాదు గద."

"రాదని నీకు తెలుసు, నాకు తెలుసు. నడుమ కంప్యూటర్‌కు ఎందుకు తెల్వాలె?"

భార్య సత్యలక్ష్మి వంటింట్లోంచి, "పిల్ల నేర్చుకుంట అంటుంటే నీకేం కష్టమొచ్చిందయ్యా?" అంది.

"నువ్వు ఊకో. రేపు ఎవడన్న అడిగితే ఏం జెప్పాలె? కో-డైరెక్టర్ బిడ్డ రిపేరు క్లాసుల కూసున్నదని జెప్పాల్నా?"

పరిశ్రమలో పరువు అనేది ఒకటుందని, అది కమలాకర్ దగ్గరే ఉందని కమలాకర్ అభిప్రాయం. కనుక ఆయన బోరబండ నుంచి వీరయ్యను పిలిపించాడు. వీరయ్య రిటైరైన లెక్కల మాస్టారు. సర్వీసు పొడవునా కాపీ కొట్టిన పిల్లల చెవులు మెలిపెట్టిన ధర్మాత్ముడు. మనవణ్ని హీరో పక్కన స్నేహితుడి వేషంలో చూడాలన్న కోరిక ఈ మధ్యనే పుట్టింది. దాంతో చెవుల మీది పట్టు సడలింది.

టెస్టు రోజు ఏర్పాట్లు ఏ భారీ చిత్రానికీ తీసిపోవు. ప్రశ్న పక్కగదిలోని టీవీలో కూడా కనబడేట్టు ల్యాప్‌టాప్ నుంచి ఒక తీగ లాగారు. టీవీ ముందు వీరయ్య కూర్చుని, జవాబు ఒకటో రెండో మూడో నాలుగో తెరిచిన తలుపులోంచి వేళ్లతో చూపిస్తాడు. ల్యాప్‌టాప్ వెనక మోకాళ్ల మీద కమలాకర్ ఉంటాడు. పిల్ల కళ్లు పక్కకు తిరిగితే కంప్యూటర్ పైని కెమెరా పట్టేస్తుంది. అదే టెస్టులో జూబ్లీహిల్స్ తల్లిదండ్రులు చాలామంది అన్నలనూ ట్యూషన్ మాస్టర్లనూ పక్కన కూర్చోబెట్టి దొరికిపోయారు. పాపం, ఔత్సాహికులు. కమలాకర్ వృత్తిలో ఉన్నవాడు. కెమెరా కన్నుకు వెంట్రుకవాసి పైన తన పెదవులు నిలిపి, చప్పుడు లేకుండా జవాబులు అందించాడు. రైలు వేగం లెక్కకు కాస్త కరుణరసం కూడా జోడించాడు.

మూడో ప్రశ్నకు భావన సొంత జవాబు పెట్టబోయింది. కమలాకర్ రెండు చేతులూ జోడించాడు. తండ్రి దండం పెడుతుంటే కాదనేంత చదువు ఆ పిల్ల ఇంకా చదవలేదు.

వాళ్లకు తెలియని విషయం ఒకటుంది. ఆ టెస్టు సరైన జవాబు వచ్చినకొద్దీ ఇంకా కష్టమైన ప్రశ్న అడుగుతుంది. తప్పు చెబితే మెట్టు దిగుతుంది. మనిషి కాలు ఎక్కడ ఆనుతుందో చూడటం దాని పని. వీరయ్య జవాబులు సరిపోయేకొద్దీ అది పైకి పైకి పోయింది. కాసేపటికి మాస్టారు వేళ్లు ముడిచేశాడు.

"ఏందయ్యా ఇది! నా సర్వీసుల ఇసుంటిది ఎవ్వడు అడగలే," అన్నాడు గుసగుసగా.

"ఏదో ఒకటి చూపు మాస్టరూ. ఫీల్ ఉంటే చాలు."

ఫీల్‌తోనే మిగతా ప్రశ్నలు పూర్తయ్యాయి. తెర మీద ఫలితం వచ్చింది. పూర్తి సన్నద్ధత, బ్రిడ్జి కోర్సు అవసరం లేదు. కాలేజీ మొత్తంలో భావనదే పైస్థానం.

రక్తపరీక్షకు పక్కింటి పహిల్వాన్ రక్తమిచ్చి, రిపోర్టు భేషుగ్గా ఉందని మిఠాయి పంచేవాణ్ని మీరెప్పుడూ చూసి ఉండరు. ఆ వారం ఫిల్మ్ నగర్‌కు వస్తే చూసేవారు. ఇక్కడి ఆచారం ప్రకారం సినిమా ఆడినా ఆడకపోయినా సక్సెస్ మీట్ తప్పదు. సందు మొదట్లో ఫ్లెక్సీ లేచింది. అందులో భావన ఫొటో కంటే కమలాకర్ ఫొటో పెద్దది. వీరయ్యకు శాలువా కప్పారు. ఆయన మనవడు జుట్టు దువ్వుకుని అన్ని ఫొటోల్లోనూ నిలబడ్డాడు.

చైర్మన్ శ్రీకృష్ణ ఇంకో అడుగు ముందుకేశాడు. కాలేజీ బ్రోషర్ మీద భావన బొమ్మ వేయించి, ఆమెను బ్రిడ్జి క్లాసులో వెనకబడిన పిల్లలకు తోటి మార్గదర్శిగా నియమించాడు. గుడ్డివాణ్ని దారి చూపమని దీపం చేతికిచ్చి సన్మానించడమంటే ఇదే.

మొదటి రోజే ఆమె బల్ల దగ్గరికి స్టెఫీ వచ్చింది. బోరబండ నుంచి బస్సులో వచ్చే పిల్ల. టెస్టు ఒంటరిగా రాసింది కనుక ఏమేం రాదో నిజాయితీగా బయటపడిపోయింది.

"అక్కా, జర గిది చెప్పు. వంద రూపాయల చున్నీ ఇరవై శాతం తగ్గించిండు. మళ్ల ఇరవై శాతం పెంచిండు. పాత ధరే రావాలె గద? తొంభై ఆరే వస్తున్నది. నాలుగు రూపాయలు ఎవడు మింగిండు?"

భావన అలవాటు కొద్దీ కళ్లు ఎత్తి ఎదురుగా చూసింది. ఎదురుగా గోడ ఉంది. గోడకు పెదవులు లేవు.

"నాకు తెల్వదు," అంది.

"షో చెయ్యకు. నీకు అన్ని వచ్చని బయట గంత బొమ్మ పెట్టిండ్రు."

"టెస్టు మా డాడీ చేసిండు."

"ఓహ్. మీ డాడీకి లెక్కలొచ్చా?"

"రావు."

స్టెఫీ నవ్వు ఆపుకోలేక బల్ల మీద వాలిపోయింది. "వారెవ్వా! ఇంట్ల ఒక్కరికి రాకున్నా కాలేజ్ ఫస్టా! నాకూ గసుంటి డాడీ కావాలె." నవ్వడం అయ్యాక, "మరి వచ్చే నెల అసలు క్లాసులు షురూ అయితయి. అప్పుడేం జేస్తవ్?" అంది.

భావనకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న అదే. స్టాటిస్టిక్స్ క్లాసులో ఎవరూ భిన్నాలు చెప్పరు. చెప్పే చోటు ఈ బ్రిడ్జి క్లాసు ఒక్కటే, అందులో ఆమెకు సీటు లేదు. ఆమె లేచి, ఈ వ్యవహారమంతా నడిపే ఫిలోమినా మేడం గదికి వెళ్లింది.

"నన్ను గూడ బ్రిడ్జి క్లాసుల కూసోనియ్యండి మేడం."

"ఎలా కూర్చోబెట్టనమ్మా? నీకు ఏ గ్యాపూ లేదని సిస్టం చెబుతోంది."

"సిస్టంకు మేం అబద్ధం చెప్పినం."

ఫిలోమినా కళ్లజోడు తీసి తుడుచుకుంది. "తెలుసు. నీ వీడియో చూశాను. ఆలోచించే పిల్ల కళ్లు అటూ ఇటూ పోతాయి. నీవి హీరోయిన్ కళ్లలాగా ఒక్కచోటే ఉన్నాయి."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెబుదామనే వెళ్లాను. అప్పటికే చైర్మన్ గారు బ్రోషర్ ప్రింటింగ్‌కి పంపేశారు."

ఈ దేశంలో ప్రింటింగ్‌కు వెళ్లిన మాట సత్యమవుతుందని మేడం కాలేజీ అనుభవంలో గ్రహించింది. అయినా ఆమెలో ఇంకా కాస్త టీచరు మిగిలి ఉన్నట్టుంది. మర్నాడు తన ఎదుట మళ్లీ టెస్టు రాస్తే, సీట్లు నిండేలోగా చేర్చుకుంటానంది.

ఇంట్లో పిడుగు పడింది.

"రీషూటా?" అన్నాడు కమలాకర్. "రీషూట్ అంటే సిన్మ పోయిందని అర్థం! ఫిల్మ్ నగర్ మొత్తం నవ్వుతది."

"నవ్వనియ్ డాడీ. ఫెయిలైతే ఇంకా నవ్వుతరు."

"ఫెయిల్ ఎందుకైతవ్? సెమిస్టర్‌కు గూడ ఏదో ఒక బందోబస్తు చేస్త. నేను లేనా?"

"నువ్వు ఉన్నవనే నాకేం వస్తలేదు."

సత్యలక్ష్మి చేతిలో గరిటె ఆగింది. జీవితంలో ఎందరికో మాటలు అందించిన మహానుభావుడు, తనకు అందించేవాడు లేక నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

మర్నాడు పిలవకపోయినా కాలేజీకి వెళ్లాడు. అద్దాల గది బయట నిలబడ్డాడు. వీరయ్య లేడు, టీవీ లేదు, ప్రశ్న ఏమిటో తెలియదు. అయినా పెదవులు ఆడిస్తూనే ఉన్నాడు. ప్రతి ప్రశ్నకూ రెండో జవాబు అందించాడు, ఎక్కువసార్లు అదే కరెక్టని ఆయన నమ్మకం. భావన లేచి వచ్చి, తండ్రిని ఒకసారి చూసి, అద్దానికి తెర లాగేసింది.

ఈసారి మెషిన్ మెట్లు దిగుతూ పోయింది. భిన్నాలు, శాతాలు, నిష్పత్తులు అన్నీ తప్పి, ఎనిమిదో తరగతి దగ్గర భావన కాలు ఆనింది. కమలాకర్ ఆ రిపోర్టును ఫ్లాపు సినిమా రివ్యూలా చదివి, "రాసినోడు ఎవడికో అమ్ముడుపోయిండు," అని తేల్చాడు. చైర్మన్ శ్రీకృష్ణ అంతా విని, బ్రోషర్ మాత్రం మార్చేది లేదన్నాడు. దాంతో కాలేజీలో అందరికంటే సన్నద్ధురాలైన విద్యార్థిని, స్టెఫీ పక్కన ఆఖరి బెంచీలో, భిన్నాల నుంచి మొదలుపెట్టింది.

బిడ్డను ఏదో స్పెషల్ ట్రైనింగుకు ఎంపిక చేశారని కమలాకర్ ప్రొడక్షన్ ఆఫీసులన్నింటికీ తిరిగి చెప్పాడు. అక్కడ అబద్ధం కొత్త కాదు గనక అందరూ శుభాకాంక్షలు చెప్పారు.

ఒక సాయంత్రం భావన ఇంట్లో వీడియో పాఠం చూస్తోంది. తెర మీది పంతులమ్మ ఆగి, మూడు బై ఎనిమిది పెద్దదా, రెండు బై అయిదు పెద్దదా అని అడిగింది. సోఫాలోంచి కమలాకర్ ఠక్కున, "మూడు బై ఎనిమిది!" అన్నాడు. "రెండూ పెద్ద అంకెలే గద."

భావన కాగితం మీద ఏదో గీసింది, కొట్టేసింది, మళ్లీ గీసింది.

"గాదు డాడీ. రెండు బై అయిదే పెద్దది."

కమలాకర్ అనుమానంగా ల్యాప్‌టాప్ వెనకా, తలుపు పక్కా చూశాడు.

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవరు చెప్పలే. లెక్క ఏసి చూసిన."