ఈదించిన గాలి

మొన్న కైకలూరు దగ్గర రొయ్యల చెరువుగట్టు మీద, తడిసిన మేత వాసనలో నిలబడి ఉండగా, ఈదురుగాలులు వీస్తాయని ఫోనుకి హెచ్చరిక వచ్చింది. ఆ మాట చూస్తే ఇప్పటికీ నాకు తలెత్తుకోబుద్ధి కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేం తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్లం. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. కొల్లేటి లంకల మధ్య పడవ నడిపిన తాతయ్య మా దగ్గరికొచ్చేశాక, మిల్లుల ఉడుకు ధాన్యం ఆవిరి, క్రిస్మస్ అరిసెల పాకం, అమ్మ వేయించే కొర్రమేను వాసనలన్నీ కలగలిసే ఆ ఇంటి అరుగు మీద పొద్దస్తమానం కూర్చుని, మబ్బు పట్టినప్పుడల్లా తువ్వాలు కొస గాల్లోకి వదిలి అది ఎటు వాలుతుందో చూసేవాడు.

ఆరో తరగతిలో తెలుగు మేష్టారు తలా ఒక మాట ఇచ్చి, దాని అర్థం, పుట్టుక ఇంట్లో పెద్దల్ని అడిగి రాసుకు రమ్మన్నారు. నాకు ఈదురుగాలి వచ్చింది. తాతయ్యకి పండగే.

"ఈదించేది గనక ఈదురుగాలమ్మా. ఆ గాలికి పడవ తిరగబడితే మీ నాన్నని వీపున కట్టుకుని లంక దాకా ఈదేను. నాకు తెలీదేంటి?" అన్నాడు.

మర్నాడు అదే గొప్పగా చదివాను. మేష్టారు నవ్వి, ఈదురంటే చలి, ఒళ్లు వణికిస్తుంది గనక ఆ పేరు అన్నారు. ముందు బెంచీలో షావుకార్ల పిల్లలు నన్ను చూసి ఈత కొడుతున్నట్టు చేతులాడించారు.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నారు మేష్టారు.

"మా ఇంట్లో పనిచేసే ముసలాయనండీ."

అనేసి తలుపు వైపు చూద్దును కదా, నా క్యారేజీ పట్టుకుని తాతయ్య. నా మొహంలోకి ఒకసారి చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"పాపగారికి అన్నం పంపేరండి, అమ్మగారు," అన్నాడు మేష్టారితో.

నా పరువు నిలబెట్టడానికి సొంత కోడల్ని అమ్మగారన్నాడు. ఇంటికెళ్లాక తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. అరుగు మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. అంతే. ఆ తర్వాత పోయేదాకా నా ఎదుట ఈదురుగాలి అన్న మాట ఎత్తలేదు. "చలిగాలమ్మా, లోపలికి రా," అనేవాడు.

ఆయన పడవ తిరిగిన నీళ్ల మీద ఇప్పుడు కనుచూపు మేర చెరువుగట్లే. నా కూతురు ఫోనులోకి తొంగి చూసి ఆ మాటకి అర్థమేమిటని అడిగింది. వణికించే గాలి అనీ, ఈదించే గాలి అనీ రెండూ చెప్పాను.

"రెండోది ఎవరు చెప్పారమ్మా నీకు?" అంది.

"మా తాతయ్య," అన్నాను. వినాల్సిన మనిషి లేడు.