మాష్టారి సినిమాకి రెండో సగం

ఇలా వచ్చి నా ఎదురుగా కూర్చో. అంచున కాదు, వెనక్కి ఆనుకుని స్థిరంగా కూర్చో. సగంలో లేచిపోయేదానివైతే ఇప్పుడే చెప్పు, నేను వెళ్ళి చిక్కుడుకాయలు ఒలుచుకుంటాను. ఆ ఫోన్ పక్కన పెట్టమందామనుకున్నాను గానీ, నేను మాట్లాడుతుంటే తెలుగులో రాసుకునేది అదేనంటున్నావు కదా, అయితే నా దగ్గరగా పెట్టు. తెలుగు సంఘం పత్రికవాళ్ళకి ఈమధ్య చూసిన సినిమాల మీద పెద్దవాళ్ళ అభిప్రాయాలు కావాలట, నిన్న మీ అమ్మ చెప్పింది. కెనడాలో ఈ ఏజాక్స్ ఊళ్ళో పెద్దవాళ్ళంటే ఎవరు, నేనూ, డాక్టరమ్మగారూను. ఆవిడ అభిప్రాయం రెండే రెండు రకాలు, బాగుంది, లేకపోతే నిద్రొచ్చింది. నా అభిప్రాయం చెప్పాలంటే మాత్రం పోయిన ఏడాది జరిగిందంతా చెప్పాలి. అందులో నీ వాటా కూడా ఉంది కాబట్టి నోరు మూసుకుని విను.

అడిగారు కాబట్టి ముందు అభిప్రాయాలే చెప్పేస్తాను. ఈమధ్య సినిమాలన్నీ చీకట్లో తీస్తున్నారు. కరెంటున్న ఇంట్లో మొగుడూ పెళ్ళాం కూర్చుని అన్నం తింటున్నా చీకటే. హీరోలందరికీ గడ్డాలు. మా రోజుల్లో గడ్డం పెంచాడంటే వాడి ప్రేమ చెడిందనో, జబ్బు పడి లేచాడనో అర్థం. ఇప్పుడు పెళ్ళిపీటల మీద కూడా గడ్డమే. హీరోయిన్ మొదటి సగంలో రెండు పాటలు పాడి, రెండో సగంలో ఎటో వెళ్ళిపోతుంది, ఎక్కడున్నావు తల్లీ అని అడిగే దిక్కుండదు. ఇక మొదటి సగంలో ఎవడైనా చీమకి కూడా దారి వదిలి తలొంచుకు తిరుగుతున్నాడంటే, ఇంటర్వెల్ తర్వాత వాడు పూర్వం పెద్ద దాదా అనీ, నలభై మందిని నరికి వచ్చాడనీ తేలుతుంది. ఇవన్నీ తప్పులని నేననడం లేదు. తీసేవాళ్ళకీ తెలుసు, చూసేవాళ్ళకీ తెలుసు. కానీ ఈ నాలుగూ కలిసి ఒక్కరోజే నా మీద పడ్డాయి, అదీ సంగతి.

పోయిన ఆగస్టు ఆఖర్లో, నువ్వు చదువుకని లండన్ వెళ్ళేముందు. మన కెనడా లండనే, కారెక్కితే రెండున్నర గంటలు. తెనాలిలో మా మరదలు నువ్వు రాణీగారి ఊళ్ళో చదువుతున్నావని వీధంతా చెప్పుకుంటోంది, నేనూ దిద్దలేదు, దానికో సంతోషం. మంగళవారం మధ్యాహ్నం ఆటకి నన్ను తీసుకెళ్ళావు. హాలు దగ్గరికి వెళ్ళేసరికి నీ స్నేహితురాళ్ళు ముగ్గురు తయారు. ఇంకో హాల్లో వాళ్ళేదో ఇంగ్లీషు సినిమాకి వెళ్తున్నారు. నువ్వు నా మొహం చూశావు, నేను నీ మొహం చూశాను. నీ సినిమా నువ్వు చూడు, నా సినిమా నేను చూస్తాను, పాప్‌కార్న్ అమ్మేచోట కలుద్దాం, మీ అమ్మకి చెప్పొద్దు. ఆ మాటన్నది నేనే, ఒప్పుకుంటున్నాను. ఎండాకాలం సెలవలన్నీ ముసలిదాని పక్కన కూర్చుని గడిపిన పిల్లవి, ఆ మాత్రం పోనివ్వకపోతే ఎలా.

నాది మాష్టారి సినిమా. పల్నాటి పల్లెలో బడిపంతులు, మంచివాడు, పోస్టాఫీసులో పనిచేసే పిల్లంటే ఇష్టం, నోరు విప్పి చెప్పలేడు. క్వారీవాళ్ళు బడిగోడ పడగొట్టబోతే అడ్డం వెళ్తాడు. వాళ్ళు వాడి కుడిచెయ్యి విరిచేస్తారు, సుద్దముక్క కింద పడుతుంది, ఇంటర్వెల్. ఇక్కడి హాళ్ళలో ఇంటర్వెల్ అన్న అక్షరాలే గానీ ఇంటర్వెల్ లేదు. లైట్లు వెయ్యరు, ఎవరూ లేవరు, రెండు క్షణాల్లో కథ మళ్ళీ మొదలు. మా తెనాలిలో ఆ అక్షరాలు పడితే తలుపులు బార్లా తెరుచుకునేవి. గోలీసోడా కొట్టిన చప్పుడు, వేయించిన పల్లీల వాసన, నేల క్లాసులో పిల్లల ఏడుపులు, కళ్ళు చికిలించుకుంటూ ఎండలోకి రావడం. అరవై ఏళ్ళ అలవాటు. దేశం మారిందని శరీరానికి ఎవరు చెప్తారు? తెర మీద అక్షరాలు పడగానే నా కాళ్ళు వాటంతట అవే లేస్తాయి. లేచాను. బాత్‌రూముకి వెళ్ళి చేతులు కడుక్కుని తిరిగొచ్చాను. ఆ వరండా నీకు తెలుసుగా, అటూ ఇటూ ఒకేలాంటి తలుపులు, కింద ఒకేలాంటి తివాచీ. తలుపు తోసుకుని వచ్చి నాలుగో వరస చివరి సీట్లో కూర్చున్నాను. హాలంతా కలిపి పదిమంది లేరు.

నా పాప్‌కార్న్ డబ్బా లేదు. ఈ దేశంలో కూడా ఇలాంటివాళ్ళున్నారా అని బాధేసింది. తెర మీద చూస్తే మాష్టారు విశాఖ రేవులో ఉన్నాడు. గడ్డం వచ్చింది, చెయ్యి బాగానే ఉంది, ఆ చేత్తోనే అందర్నీ బాదుతున్నాడు. ఓహో, ఫ్లాష్‌బ్యాక్ మొదలైందనుకున్నాను. ముఖం కాస్త తేడాగా అనిపించింది, అసలే చీకటి, గడ్డం పెరిగితే మనిషి మారడూ. పోస్టాఫీసు పిల్ల మళ్ళీ కనబడలేదు, రెండో సగం కదా, నేనూ ఎదురుచూడలేదు. చివరికి సముద్రపొడ్డున కుంటి తమ్ముణ్ణి కావలించుకుని ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. బయటికొస్తే నువ్వు ఎలా ఉందన్నావు. అద్భుతం అన్నాను. మూడో రోజున నువ్వు లండన్ వెళ్ళిపోయావు.

ఆ శనివారం డాక్టరమ్మగారి బేస్‌మెంట్‌లో భజన. భజన అరగంట, కబుర్లు రెండు గంటలు. నేను సినిమా కథ చెప్పడం మొదలుపెడితే అందరూ టీ కప్పులు పట్టుకుని చుట్టూ చేరతారు, ఆ గర్వం నాకుందిలే. ఆ రోజు కూడా చెప్పాను. చెయ్యి విరిగేదాకా అందరూ తలాడించారు. రేవులోకి వచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టరమ్మగారు మెల్లగా, "అలా కాదేమోనండీ, ఆయన ఎడమచేత్తో రాయడం నేర్చుకుని మళ్ళీ బడికే వెళ్తాడు కదా" అన్నారు. మీరు నిద్రపోయి ఉంటారన్నాను. ఆవిడ నవ్వలేదు. నాతో వాదించనూ లేదు. ఎప్పుడూ వాదించే మనిషి ఊరుకుంటే, అందులో ఏదో ఉందని నాకప్పుడే తట్టాల్సింది.

సాయంత్రం ఆవిడ మీ అమ్మకి ఫోన్ చేశారు. మంచికే చేశారు, వాళ్ళత్తగారికి కూడా మతిమరుపు జబ్బు ఇలాగే మొదలైందట. మర్నాటి నుంచి మీ అమ్మ మారిపోయింది. నీకు తెలుసుగా దాని నోరు, పాల సీసా మూత సరిగ్గా పెట్టకపోతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాధిస్తుంది. అలాంటిది నాతో మెత్తగా, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున్నేం తిన్నామమ్మా అని అడిగేది, ఏదో మాటవరసకి అడిగినట్టు. ఉప్మా అని సరిగ్గా చెప్పినా కళ్ళు తుడుచుకునేది. పొయ్యి ఆపడం మర్చిపోవద్దని మీ నాన్న కాగితం రాసి గోడకి అతికించాడు. ఫ్యామిలీ డాక్టరు ఎవరో స్పెషలిస్టుకి రాస్తే డిసెంబరులో అపాయింట్‌మెంట్ ఇచ్చారు. నీకు చెప్పొద్దన్నారు, చదువు పాడవుతుందని.

నాకేం లేదని అరిచి గోల చెయ్యొచ్చు. చెయ్యలేదు. ఎందుకంటే నాకూ అనుమానం పట్టుకుంది. మా అమ్మ చివరి రెండేళ్ళూ నన్ను గుర్తుపట్టలేదు. వెళ్ళినప్పుడల్లా ఎంతో మర్యాదగా, ఎవరమ్మా నువ్వు, ఎండన పడి వచ్చావు, కాఫీ తాగి వెళ్ళు అనేది. ఆ కాఫీ ఎన్నిసార్లు తాగానో. అదే ఇప్పుడు నా వంతు వచ్చిందేమో, రేపు నేను నీకు కాఫీ ఇచ్చి పంపిస్తానేమో అని రాత్రుళ్ళు లేచి కూర్చునేదాన్ని. ఆ పరీక్షలో ఏమడుగుతారో డాక్టరమ్మగారిని కనుక్కుని చదవడం మొదలుపెట్టాను. నెలల పేర్లు వెనకనుంచి ముందుకి, వందలోంచి ఏడేడు తీసేస్తూ, ఇక్కడి ప్రధానమంత్రి పేరు, ఇది ఏ ప్రావిన్సు. ఎస్సెల్సీకి కూడా అంత చదవలేదు. ఆ మాష్టారి సినిమాని మాత్రం లోపల వందసార్లు తిప్పి చూసుకున్నాను. ఎన్నిసార్లు చూసినా వాడు రేవులోనే ఉన్నాడు. ఎడమచేత్తో రాయడం ఎక్కడా లేదు. కళ్ళతో చూసింది ఇంత స్పష్టంగా ఉంటే, అది లేదని పదిమందీ అంటుంటే, ఇంక నేను దేన్ని నమ్మాలి?

అక్టోబరులో థాంక్స్‌గివింగ్ పండగ సెలవలకి నువ్వొచ్చావు. ఆదివారం మధ్యాహ్నం, బయట ముసురు. మీ నాన్న టీవీలో కొత్త సినిమా ఏదో పెట్టాడు. నేను సోఫా చివర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను, సినిమా అంటేనే భయం పట్టుకుని సరిగ్గా చూడనే లేదు. మొదటి సగం ఒక్క ముక్క నాకు తెలిసింది కాదు. ఇంటర్వెల్ అని పడింది, మామూలుగానే లేచి వెళ్ళొచ్చాను. వచ్చి చూస్తే తెర మీద రేవు. నాకు తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది. ఇప్పుడు పడవలోంచి వాడి తమ్ముడు దిగుతాడు, కుంటుతాడు పాపం అన్నాను. దిగాడు. కుంటాడు. ఆ ఎర్రచొక్కావాణ్ణి నమ్మకూడదు, తాళాలు వాడి దగ్గరే ఉన్నాయి అన్నాను. ఉన్నాయి. మీ అమ్మ రిమోట్ తీసుకుని ఆపేసింది.

"అమ్మా, ఇది నీకెలా తెలుసు?"

"ఆగస్టులో చూశాంగా. మాష్టారి సినిమానే కదా ఇది" అన్నాను. ఇంకా ఏం పోగొట్టుకున్నానో అని భయం.

అప్పుడు నువ్వు నేలమీంచి లేచి నిలబడ్డావు. నీ మొహం తెల్లగా పాలిపోయింది. "అమ్మమ్మా, ఆ రోజు ఇంటర్వెల్‌కి వాష్‌రూమ్‌కి వెళ్ళావా? బై యువర్‌సెల్ఫ్?" అన్నావు. వెళ్ళానన్నాను. ఆ పక్క హాల్లో ఇదే ఆడుతోంది, ఐ వాజ్ నాట్ విత్ హర్ మామ్, ఐయామ్ సో సారీ, అని నువ్వు ఏడుపు మొదలుపెట్టాక గానీ ఎవరికీ అర్థం కాలేదు. ముందు మీ నాన్నకి అర్థమైంది. "అత్తమ్మా, ఒక టికెట్‌కి రెండు సినిమాలు చూసొచ్చినవ్ కదా" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. మీ అమ్మ ముందు నిన్ను తిట్టింది, నన్ను ఒంటరిగా వదిలేసినందుకు. తర్వాత నవ్వుతున్నందుకు వాళ్ళాయన్ని తిట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో అది ఏడుస్తోందని అందరికీ తెలుసు, ఎవరూ వెళ్ళలేదు. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి నా ఎదురుగా నిలబడి, "తలుపు మీద అంకె చూసుకోవాలని కూడా తెలియదా నీకు, ఇన్నేళ్ళొచ్చాయి" అని గట్టిగా అరిచింది. ఆరు వారాల తర్వాత నా కూతురి గొంతు మళ్ళీ విన్నాను. నా ప్రాణం లేచొచ్చింది.

డిసెంబరు అపాయింట్‌మెంట్‌కి అయినా వెళ్ళాం, మీ అమ్మ మానదుగా. గడియారం బొమ్మ గీయమన్నారు, గీశాను. ఈ వయసుకి బాగానే ఉంది, ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి అన్నారు. నేను చదివినవాటిలో ప్రధానమంత్రి పేరు అడగనే లేదు, అదొక్కటే లోటు.

మాష్టారి సినిమా రెండో సగం కూడా తర్వాత టీవీలో చూశాను. ఎడమచేత్తోనే రాస్తాడు, డాక్టరమ్మగారికి క్షమాపణ చెప్పుకున్నాను. పోస్టాఫీసు పిల్ల ఆఖర్లో నిజంగానే వస్తుంది. అయినా అది నాకు నచ్చలేదని రాయి, పత్రికవాళ్ళు ఏమనుకున్నా సరే. నేను చూసిన సినిమాయే బాగుంది. అంత మంచివాడి చెయ్యి విరిచినవాళ్ళని ఎవరో ఒకరు బాదాలి కదా.

ఇప్పుడు నేను మర్చిపోనా అంటే, బోలెడు. మొన్న పులుసులో రెండుసార్లు ఉప్పేశాను, మీ అమ్మ ఇల్లెగిరిపోయేలా కేకలేసింది. ఆ కేకలు వింటుంటే నాకెంత హాయిగా ఉంటుందో నీకు చెప్పినా అర్థం కాదు. కాలం మా అమ్మ దగ్గరికి వచ్చినట్టే నా దగ్గరికీ ఎప్పుడో వస్తుంది, రాదని కాదు, కానీ ఇవాళ మాత్రం...

"అమ్మా, మూడుసార్లు పిలిచాను, మర్చిపోయావా ఏంటి? చారు చల్లారిపోతోంది, రా."

వస్తున్నానే. ఆ ఫోన్ ఆపకు, ఈ ఒక్క ముక్క రాయి. మిగిలిన కాలం ఎంతో ఎవరికీ తెలియదు గానీ, అది ఉన్నన్నాళ్ళూ ఇలా గదమాయించి అన్నానికి పిలిచే గొంతు ఉంటే చాలు.