ఒకే నీళ్ళతో మూడు గాజు పాత్రలు

కాలేజీ మొదటి ఏడాది సైన్సు ల్యాబులో ఏముంటుందని మా నాగలమడిక పిల్లలు ఇప్పటికీ వచ్చి అడుగుతుంటారు. కుళ్ళిన గుడ్ల వాసన ఉంటుందని, వేళ్ళకు అంటిన మచ్చలు వారం దాకా వదలవని, రికార్డు పుస్తకంలో సంతకం పడకపోతే పరీక్షకు కూర్చోనివ్వరని చెబుతాను. అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మహారాజుగారి ఏలుబడిలో మా తాలూకా నుంచి బెంగుళూరికి చదువుకు పోయినవాళ్ళు వేళ్ళమీద లెక్క. డాక్టరు కావాలని పట్టుబట్టి నేను సైన్సు తీసుకున్నాను. నాన్నకు ఇష్టం లేదు. అమ్మే నా పక్షాన నిలబడి, ఆయనను ఒప్పించి పంపింది.

ల్యాబులో మొదటి వారమే నా కొంప మునిగింది. బ్యూరెట్ అనే పొడుగాటి గాజు గొట్టంలో యాసిడ్ పోసి, కింద ఫ్లాస్కులో ఉన్న క్షారం రంగు మారేదాకా చుక్కచుక్కగా వదలాలి. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకే కొలత రావాలి. పక్కవాళ్ళకు వచ్చేది. నాకు ఏ రోజూ రెండు కొలతలు కలిసేవి కావు. నెల గడిచాక లెక్చరరు నా రికార్డు మూసి, "వచ్చే నెలా ఇంతే అయితే సైన్సు వదిలేసి ఆర్ట్సులో చేరు" అని కన్నడంలో అన్నాడు.

చివరికి తప్పు ఆయనే పట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం నా వెనకాల నిలబడి చూశాడు. నేను ఫ్లాస్కులో గుక్కెడు నీళ్ళు పట్టి, అది కడిగిన నీళ్ళతోనే గరాటు కడిగి, మళ్ళీ అవే నీళ్ళను బ్యూరెట్‌లోకి వంచుతున్నాను. ఫ్లాస్కులో మిగిలిన క్షారాన్ని నా చేతులతో నేనే యాసిడ్‌లోకి మోసుకుపోతున్నానన్నమాట.

"ఎవరు నేర్పారయ్యా నీకిది?" అన్నాడు.

నేర్పింది మా అమ్మ. ఎండాకాలంలో ఆమె ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను టెంకాయ చిప్పతో తోడి కడవ నింపేది. ఒక్క కడవకు ఒక పూట పట్టేది. చెంబు కడిగిన నీళ్ళతో గిన్నె, గిన్నె కడిగిన నీళ్ళతో అన్నం తినే తట్ట కడిగి, ఆఖరికి ఆ నీళ్ళు పాలిచ్చే ఎనుముకు పెట్టేది. మా ఇంట్లో దాన్ని పిసినారితనం అనుకునేవాళ్ళం కాదు, మర్యాద అనుకునేవాళ్ళం.

ఆయన కొళాయి పూర్తిగా తిప్పాడు. "ప్రతిదాన్నీ కొత్త నీళ్ళతో మూడుసార్లు కడుగు. కడిగిన నీళ్ళు పారబొయ్యి" అన్నాడు. పారబోయడానికి నాకు చేతులు రాలేదు. సింకులోకి పోతున్న నీళ్ళను చూస్తుంటే చెలమ దగ్గర వంగిన అమ్మ నడుం గుర్తొచ్చింది. అయినా పారబోశాను. ఆ రోజు మూడు కొలతలూ కలిశాయి, రికార్డులో సంతకం పడింది. బాధపడ్డానని ఇప్పుడు గొప్పలు పోను. ఎగిరి గంతేశాను. నెల తిరిగేసరికి చేతులకు అదే అలవాటైపోయింది.

ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చాను. దాహమై, ఏదో ఆలోచిస్తూ కడవలో చెంబు ముంచి, కడిగి, ఆ నీళ్ళు వాకిట్లోకి విసిరాను. మళ్ళీ ముంచి, కడిగి, విసిరాను. మూడోసారి ముంచబోతుంటే పొయ్యి దగ్గరున్న అమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

"ఆడ అట్లనే కడుగుతారేమప్పా?" అంది.

"అవునమ్మా. లేకుంటే పాసు కానివ్వరు."

వాకిట్లో తడి ఇంకిపోయేదాకా చూసింది. "అట్లయితే నేర్చుకోవాల్సిందేలే" అంది. నా చేతిలోని చెంబు తీసుకుంది. "ఈడ ఉన్నన్నాళ్ళు కడవలో నువ్వు ముంచొద్దు నాయనా. నన్నడుగు, నేనిస్తా."

డాక్టరునయ్యాను. అమ్మ బతికినన్నాళ్ళు, నేను ఇంటికి పోయినప్పుడల్లా చుట్టానికి ఇచ్చినట్టు చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చేది.